కరుగుచున్నదానిని కొలుచుట

ఒక వస్తువు నశించుచుండగా దాని ప్రక్కన నిలిచి, నేటికి ఎంత నశించినదని లెక్క వ్రాయుట నీతిగల పనియేనా? ఇల్లు కాలుచుండగా కాలిన దూలములను లెక్కించుచు నిలుచుండువానిని ఊరివారు మెచ్చుకొనరు. లెక్క కట్టిపెట్టి కడవ అందుకొమ్మందురు. అయితే భూగోళముయొక్క రెండు కొనలయందును సరిగా ఇట్టి లెక్కయే అనేక సంవత్సరములుగా సాగుచున్నది. ఉత్తరమున ఆర్కిటిక్ మహాసముద్రముమీదను, దక్షిణమున అంటార్కిటికా ఖండము చుట్టును సముద్రపు మంచు ఎంతవరకు వ్యాపించియున్నదో 1978 అక్టోబరు చివరి దినములనుండి ఉపగ్రహముల సాయముతో లెక్కింపబడుచున్నది. మొదట దినము విడిచి దినము; 1987 నుండి ప్రతిదినము. ఈ లెక్క వ్రాయువారిలో ఎవరికిని ఆ మంచును నిలుపు శక్తి లేదు. ఆ సంగతి వారికి తెలియును. తెలిసియు వ్రాయుచున్నారు. ఇట్టి పనికి నీతిశాస్త్రములో ఏ స్థానము ఈయవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

ముందుగా ఒక పొరపాటు తొలగించుకొనుట మంచిది. సముద్రపు మంచు అనగా సముద్రజలమే గడ్డకట్టి తేలియాడునది. కొండలమీదను ఖండములమీదను పేరుకొనిన హిమరాశులు వేరు. గ్లాసులో తేలు మంచుముక్క కరిగినంతమాత్రమున నీళ్లు పొర్లిపోనట్లే, తేలియాడు మంచు కరిగినంతమాత్రమున సముద్రమట్టము చెప్పుకొనదగినంతగా పెరుగదు. ఈ రెండింటిని కలిపివేసి జనులను భయపెట్టు ఉపన్యాసకులు సత్యమునకు చేయు మేలు ఏమియు లేదు. సముద్రపు మంచు పోవుటవలన కలుగు కీడు మరియొక విధమైనది. తెల్లని మంచు తనపై పడిన సూర్యరశ్మిలో సగముకంటె ఎక్కువ భాగమును ఆకాశమునకు త్రిప్పి పంపును. నల్లని సముద్రమో, నూటికి ఆరు పాళ్లు మాత్రము త్రిప్పి తక్కినదంతయు త్రాగివేయును. కనుక మంచు తరిగినకొలది సముద్రము వేడెక్కును, సముద్రము వేడెక్కినకొలది మంచు తరుగును.

ఉపగ్రహములు పుట్టుటకు చాలకాలము ముందే ఒక మనుష్యుడు ఈ నష్టమును కన్నులార చూచి కొలిచెను. ఆయన పేరు విలియం స్కోర్స్‌బీ. 1789లో జన్మించి, ఇంగ్లండు దేశపు విట్బీ రేవునుండి తండ్రితోకూడ బాల్యమునందే తిమింగలముల వేటకు పోయి, యౌవనములోనే నౌకాధిపతియైనవాడు. వేటయే జీవనమైనను ఆయన చేతిలో ఉష్ణమాపకముండెడిది. సముద్రపు లోతులలోని నీటి వేడిమిని కొలిచి, గ్రీన్లాండు సముద్రములో పైనీటికంటె అడుగునీరే వెచ్చగానున్నదని కనుగొనెను. మంచుపువ్వుల ఆకారములను చిత్రించి పెట్టెను. 1817వ సంవత్సరపు ప్రయాణమునుండి తిరిగివచ్చి, రాయల్ సొసైటీ అధ్యక్షుడగు సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఆయన ఒక ఉత్తరము వ్రాసెను. 74వ అక్షాంశమునకును 80వ అక్షాంశమునకును నడుమ సుమారు 18,000 చదరపు మైళ్ల మేర మంచు బొత్తిగా కనబడలేదనియు, అదియంతయు గడచిన రెండేండ్లలోనే మాయమైనదనియు దాని సారాంశము.

ఆ ఉత్తరము విన్నవారు ఏమి చేసిరన్నది ఆలోచింపదగినది. లండనులోని నౌకాదళపు పెద్దలకు దానిలో నష్టము వినబడలేదు, దారి వినబడినది. మంచు తొలగినయెడల ఉత్తరపు సముద్రముమీదుగా తూర్పు దేశములకు దగ్గరి త్రోవ దొరకునని సంతోషించి 1818లో రెండు యాత్రలను పంపిరి. డేవిడ్ బఖన్ నాయకత్వమున పోయిన నౌకలను స్పిట్స్‌బర్గెన్‌కు ఉత్తరమున ఆ మంచే అడ్డగించి త్రిప్పికొట్టెను. జాన్ రాస్ అనునాతడు లాంకాస్టర్ జలసంధిలో ఎదుట పర్వతశ్రేణి అడ్డముగా నున్నదని చూచి వెనుదిరిగెను. అచ్చట పర్వతములు లేవు. లేని ఆ పర్వతములకు నౌకాశాఖ కార్యదర్శి పేరుకూడ పెట్టి పటములో గీచిరి! మొదట సంగతి తెలిపిన స్కోర్స్‌బీకి ఆ నౌకల అధిపత్యము ఈయలేదు. ఆయన రాజనౌకాదళపు ఉద్యోగి కాడు. చూచినవాడు ఇంటనే ఉండెను, చూడగోరినవారు పోయిరి.

స్కోర్స్‌బీ వ్రాసినది సత్యమే. అయినను అది రెండు సంవత్సరముల సత్యము. తరువాత మంచు తిరిగివచ్చెను. ఒక మనుష్యుని కన్ను ఎంత నమ్మకమైనదైనను, ఒక సముద్రపు ఒక అంచున ఒక వేసవిలో చూచినదానినుండి లోకపు గతి నిర్ణయించుట సాధ్యము కాదు. 1820లో ఆర్కిటిక్ ప్రాంతములనుగూర్చి ఆయన ప్రకటించిన గ్రంథము నేటికిని ఆ శాస్త్రమునకు పునాదిరాయిగా ఎంచబడుచున్నది. 1825లో ఆయన ఆంగ్లికన్ సంఘములో గురుపట్టము పొంది, లివర్‌పూల్‌లో నావికుల దేవాలయమునందును, పిమ్మట బ్రాడ్‌ఫర్డ్‌లోను పరిచర్య చేసెను. ప్రసంగవేదిక ఎక్కిన తరువాతను శాస్త్రశోధన మానలేదు. ఈ రెండును ఒక మనుష్యునిలో ఇమడవని తలంచువారు ఆయన చరిత్ర చదువుట మేలు.

ఇప్పటి కొలత ఒక కన్నుమీద ఆధారపడినది కాదు. 1978లో పైకి పంపబడిన నింబస్-7 మొదలుకొని వరుసగా వచ్చిన ఉపగ్రహములు సముద్రమునుండి తమంతట తామే వెలువడు సూక్ష్మతరంగములను గ్రహించుచున్నవి. మంచు ఒక విధముగాను, నీరు మరియొక విధముగాను ఈ తరంగములను వెలువరించును. మేఘములు అడ్డము కావు. నెలలతరబడి సూర్యుడు కనబడని ధ్రువపు రాత్రియు అడ్డము కాదు. సముద్రమంతటిని ఇంచుమించు ఇరువదియైదు కిలోమీటర్ల గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిలో మంచు ఎన్నవ పాలున్నదో కట్టుదురు. నూటికి పదునైదు పాళ్లుగాని అంతకుమించిగాని మంచున్న గడిని మంచుగల గడిగా లెక్కించి, అట్టి గళ్లన్నిటి మొత్తమును మంచుయొక్క వ్యాప్తి అందురు.

ఇక్కడ తార్కికుడొకడు లేచి అడుగవచ్చును: పదునైదే ఎందుకు? ఇరువది ఎందుకు కాకూడదు? గీత గీచినది మనుష్యుడైనప్పుడు, వచ్చిన అంకెయు మనుష్యుడు కల్పించినదే కదా? ఈ ఆక్షేపణ తేలికైనది కాదు. సత్యమనునది మన ఏర్పాట్లకు వేరుగా లేదని బోధించువారు ఈ కాలమున తక్కువమంది లేరు. అయితే దీనికి సమాధానము పల్లెలోని ధాన్యపు కొట్టులోనే దొరకును. బియ్యము కొలుచుటకు మానిక వాడవలెనా, సోల వాడవలెనా అన్నది మనుష్యుల ఏర్పాటే. అంచుకు చదునుగా కొలువవలెనా, కుప్పగా కొలువవలెనా అన్నదియు ఏర్పాటే. అంతమాత్రమున బస్తాలోని బియ్యము వర్తకుని ఊహ కాదు. కొనునప్పుడు కుప్పగాను, అమ్మునప్పుడు చదునుగాను కొలిచినవాడే దొంగ. మోషే ధర్మశాస్త్రము నిషేధించినది తూనికరాయిని కాదు, ఒకే సంచిలో రెండు విధముల రాళ్లను. పదునైదు అను గీత ఇంచుక అటునిటు ఉన్నను మంచుయొక్క కథ మారదు. ఆ గీతను ఒక యేడు ఒకచోటను, మరుసటి యేడు మరియొకచోటను గీచినయెడల మాత్రము కథయే లేదు.

కావున ఈ కొలతలోని ప్రధానమైన సుగుణము సూక్ష్మత కాదు, నిలుకడ. అది చెప్పినంత సులభము కాదు. ఉపగ్రహములు నాలుగైదేండ్లు, పదియేండ్లు పనిచేసి మూలబడును. పాతది ఆరిపోవుటకు ముందే క్రొత్తది పైకిపోయి, కొంతకాలము రెండును ఒకే మంచును చూడవలెను. రెండింటి అంకెలకు గల భేదమును తెలిసికొని సరిచేయవలెను. 1987లో ఒక పరికరమునుండి మరియొక పరికరమునకు మారినప్పుడు ఇట్లు కలిసి చూచుటకు దొరకినది కొలది వారములు మాత్రమే. సంవత్సరముల శ్రమ ఆ కొలది వారములమీద నిలిచియున్నది.

ఇంతయు చేసినను లోపములు పోవు. వేసవిలో మంచుపలకమీద కరిగిన నీరు గుంటలుగా నిలిచినప్పుడు ఉపగ్రహమునకది సముద్రమువలె కనబడును. ఉన్న మంచు లేనట్లు తోచును. ఉత్తరధ్రువమునకు సరిగా పైగా ఉపగ్రహము పోదు గనుక అచ్చట వృత్తాకారమైన ఒక చీకటి ప్రదేశము మిగులును. మొదటి పరికరమునకు అది సుమారు 12 లక్షల చదరపు కిలోమీటర్లు. తరువాతిదానికి 3 లక్షల 10 వేలు. ఆ తరువాతిదానికి 29 వేలు మాత్రమే. చూడని ఈ భాగమంతయు మంచుతో నిండియున్నట్లు భావించి వ్యాప్తిలో చేర్చుచున్నారు. ఇది ఊహయే. కాని ఊహయని లోకమంతయు చదువునట్లు వ్రాసిపెట్టిన ఊహ. చూచినదానిని చూచినట్లును, తలంచినదానిని తలంచినట్లును వేరుచేసి చెప్పు అలవాటు పండితులందరికిని ఉన్నయెడల ఎన్నో వాదములు పుట్టకపోవును.

2009 ఫిబ్రవరిలో ఈ అలవాటుకు పరీక్ష వచ్చినది. అమెరికాలో బోల్డరు పట్టణమందలి జాతీయ హిమసమాచార కేంద్రము ప్రతిదినము ప్రకటించు అంకెలలో తప్పు దొర్లినది. ఉపగ్రహములోని పరికరము క్రమముగా దారితప్పగా, ఉన్నదానికంటె ఇంచుమించు 5 లక్షల చదరపు కిలోమీటర్లు తక్కువగా లెక్క వచ్చుచుండెను. అంకెలను అనుసరించుచున్న పాఠకులే మొదట అనుమానపడి తెలిపిరి. కేంద్రము తప్పును బహిరంగముగా ప్రకటించి, ఆ పరికరమును విడిచి, వేరొకదాని సాయముతో లెక్కను తిరుగవ్రాసెను. పరిహాసము చేసినవారు చేసిరి. ఆ తప్పు తమ వాదమునకు అనుకూలమైన వైపునకే దొర్లినదన్న సంగతి ఆ శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. దానిని దాచకుండుటయే ఇక్కడ గమనింపవలసినది.

దక్షిణపు మంచు ఇంతకంటె కఠినమైన పరీక్ష పెట్టెను. ఉత్తరమున మంచు తరుగుచున్న ఆ సంవత్సరములలోనే అంటార్కిటికా చుట్టును మంచు కొంచెము కొంచెముగా పెరుగుచు వచ్చెను. 2014 సెప్టెంబరులో అది 2 కోట్ల చదరపు కిలోమీటర్లను దాటి, ఉపగ్రహముల కాలములో ఎన్నడును లేనంత హెచ్చు వ్యాప్తిని పొందెను. భూమి వేడెక్కుచున్నదని నమ్మినవారికి ఇది ఇబ్బందికరమైన అంకె. అయినను ఉన్నది ఉన్నట్లే ప్రకటింపబడినది. 2016 చివరను పరిస్థితి అకస్మాత్తుగా తారుమారైనది. 2023 ఫిబ్రవరిలో దక్షిణపు మంచు 17 లక్షల 90 వేల చదరపు కిలోమీటర్లకు దిగజారెను. అదే సంవత్సరము సెప్టెంబరులో, చలికాలపు మంచు నిండుగా ఉండవలసిన వేళ, 1 కోటి 69 లక్షల 60 వేలకు మించి పెరుగలేదు. అంతకుముందు 1986లో నమోదైన మిక్కిలి తక్కువ చలికాలపు వ్యాప్తికంటెను అది 10 లక్షలు తక్కువ. గాలుల మార్పులో, సముద్రపు లోపలి పొరలలో చేరిన వేడిమిలో దీనికి కారణములు వెదకుచున్నారు. ఏకాభిప్రాయము ఇంకను కుదరలేదు. ఒకటి మాత్రము స్పష్టము. 2014 నాటి అంకెను సిగ్గుపడి మరుగుచేసియుండిన యెడల 2023 నాటి అంకెను ఎవరు నమ్మెదరు?

ఉత్తరపు అంకెలు కొంత సూటిగా ఉన్నవి. అక్కడ ప్రతి సంవత్సరము సెప్టెంబరులో మంచు మిక్కిలి తక్కువగా ఉండును. 1981 మొదలు 2010 వరకు ఆ కనిష్ఠపు సగటు సుమారు 62 లక్షల చదరపు కిలోమీటర్లు. 2012లో అది 33 లక్షల 90 వేలకు పడిపోయెను. అనగా మహాసముద్రముమీద మిగిలిన మంచు మన భారతదేశపు విస్తీర్ణమునకు కొంచెమే ఎక్కువ. 2025లో కనిష్ఠము 46 లక్షలు. 2012 నాటి రికార్డు 2025 వరకు చెదరలేదు. ఇటీవలి సంవత్సరములలో సెప్టెంబరు మంచు మునుపటి వేగముతో తగ్గుటలేదన్న మాటయు నిజమే, దానిని కొలుచువారే చెప్పుచున్నారు. అయితే 2007 నుండి 2025 వరకు గల 19 సంవత్సరములే ఈ లెక్క మొత్తములో మిక్కిలి తక్కువ మంచుగల 19 సంవత్సరములు. మంచు మందముయొక్క సంగతి ఇంకను విచారకరము. 1958లో నాటిలస్ అను అమెరికా జలాంతర్గామి ధ్రువము క్రిందుగా పోయినది మొదలు, యుద్ధ సన్నాహముకొరకు మంచుక్రింద తిరిగిన నావలు శబ్దతరంగములతో తమ నెత్తిమీది మంచు లోతును కొలుచుకొనుచుండెను. రహస్యముగా ఉంచబడిన ఆ లెక్కలు కొంతభాగము బయటపడిన తరువాత 1999లో పోల్చి చూడగా, వేసవి చివర నీటిలో మునిగియుండు మంచు లోతు మొదటి కాలములో సగటున 3.1 మీటర్లు, 1990 తరువాతి కాలములో 1.8 మీటర్లు అని తేలినది. శత్రువుకొరకు పొంచియున్న నావ తన తలపైని కప్పు పలుచబడుటను వ్రాసిపెట్టినది.

ఇంతవరకు కొలిచినది నష్టమును. నష్టమునకు కారకుని వంతును కొలుచుట సాధ్యమేనా? 2016లో డిర్క్ నోట్జ్, జూలియెన్ స్ట్రోవ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు సెప్టెంబరు మంచు లెక్కను, మనుష్యులు గాలిలోనికి వదలిన బొగ్గుపులుసు వాయువు లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూచిరి. అవి రెండును ఆశ్చర్యకరముగా సరళరేఖలో నడచుచున్నవి. ఒక టన్ను వాయువునకు ఇంచుమించు మూడు చదరపు మీటర్ల మంచు. అమెరికా పౌరుని వంతు సంవత్సరమునకు సగటున సుమారు పదునాలుగు టన్నులు. అనగా ఒక సెంటు నేలకంటె కొంచెము ఎక్కువ మంచు. భారతీయుని వంతు సగటున సుమారు రెండు టన్నులు. మన ఇండ్ల స్థలముల భాషలో చెప్పవలెనన్న ఏడు గజములు. ఏడు గజములలో ఒక మంచము వేసికొనవచ్చును. సగటు మాట మోసపుచ్చుననుటయు నిజమే. కృష్ణాతీరపు పొలములో కూలిచేయు స్త్రీకి ఏడు గజములు రావు. హైదరాబాదునుండి అమెరికాలోని కుమారుని చూచి తిరిగివచ్చువానికి ఆ ఒక్క ప్రయాణముతోనే ఇంచుమించు ఏడు గజములును చెల్లిపోవును. రామగుండములో మండు బొగ్గుతో వెలుగు దీపమునకును ఇందులో ఒక అంగుళము కలదు. పాపము సముద్రమంతటిదైనప్పుడు మనుష్యుడు తనది కాదని తప్పించుకొనును. దానిని గజములలో పంచి ఇచ్చినప్పుడు అంత సులభముగా తప్పించుకొనలేడు. కొలత చేయు నీతికార్యములలో ఇది బహుశా ముఖ్యమైనది.

ఆ గజములు ఎవరి ఇంటి ముందర కరుగుచున్నవో కూడ చూడవలెను. అలాస్కా పడమటి తీరమున చుక్చీ సముద్రములో ఒక ఇసుకదీవిమీద షిష్మరెఫ్ అను ఇన్యుపియాట్ ప్రజల గ్రామము ఉన్నది. కొన్ని వందలమంది మాత్రమే నివసించు ఊరు. వారి దేవాలయము లూథరన్ సంఘమునకు చెందినది. పూర్వము శరత్కాలమున సముద్రము గడ్డకట్టి ఊరికి గోడవలె నిలుచుచుండెను. తుఫానులు ఆ మంచుమీద విరుచుకొనిపడి అణగిపోవుచుండెను. మంచు ఆలస్యముగా కట్టుచుండుటచేత ఇప్పుడు ఆ అలలు సూటిగా తీరమును కొట్టి నేలను కోసికొనిపోవుచున్నవి. 2016 ఆగస్టులో ఆ గ్రామస్థులు ఓటు వేసికొని, స్వల్పమైన మెజారిటీతో, ఊరు విడిచి మరియొకచోటికి పోవుటకు నిర్ణయించుకొనిరి. నిర్ణయము జరిగినదే గాని, పోవుటకు కావలసిన ధనము దొరకలేదు. వారికి ఉపగ్రహపు అంకె క్రొత్త సంగతి కాదు. కర్రతో పొడిచి, అడుగు వేసి మంచును పరీక్షించు వేటగాండ్రు దానిని ముందే ఎరిగియుండిరి. వారి మాట ఊరు దాటి పోలేదు; అంకె పోయినది.

కాలుచున్న యింటి ఉపమానము ఇందువలననే పూర్తిగా కుదరదు. ఇక్కడ నిప్పు ఒకచోటను, కడవలుగలవారు వేలమైళ్ల దూరమునను ఉన్నారు. వారిలో పెక్కురు నిప్పులేదనుచున్నారు. లెక్క వ్రాయువాడు లేకున్నయెడల కడవ ఎత్తుమని పిలుచుటకే సాక్ష్యముండదు. అయినను ఈ పనిలో ఒక శోధన పొంచియున్నది. ప్రతి సెప్టెంబరులో ఈ యేడు రికార్డు పడునా, పడదా అని ఆటల పందెమువలె ఎదురుచూచుట అలవాటైనది. తన మాట నెగ్గుటకై మంచు మరింత కరుగవలెనని లోలోపల కోరుకొనువాడు నీనెవె వెలుపల పందిరిక్రింద కూర్చున్న యోనావంటివాడు. పట్టణము నిలిచినందుకు అతడు కోపించెను. కొలుచువాని హృదయమునుగూర్చి ఏ ఉపగ్రహమును చెప్పజాలదు. 2014లో దక్షిణమున, 2012 తరువాత ఉత్తరమున వచ్చిన అంకెలను వారు ప్రకటించిన తీరే కొంత చెప్పుచున్నది.

2025 జూన్‌లో ఈ లెక్కకే ముప్పు వచ్చినది. పెక్కేండ్లుగా మంచును చూచుచున్న ఉపగ్రహములు అమెరికా రక్షణశాఖవి. వాటి సమాచారమును ఆ నెలాఖరునుండి ఇయ్యజాలమని ప్రకటన వెలువడినది. గడువును మొదట నెల దినములు పొడిగించి, తరువాత 2026 సెప్టెంబరు వరకు కొనసాగింతుమని చెప్పిరి. బోల్డరులోని లెక్కగాండ్రు ఆ వాగ్దానముమీద ఆధారపడి కూర్చుండలేదు. జపాను దేశము 2012లో పంపిన ఉపగ్రహమందలి వేరొక పరికరమునకు లెక్కను మార్చిరి. పాతదియు క్రొత్తదియు చూచిన ఒకే మంచు అంకెలు ప్రక్కప్రక్కన పెట్టుకొని పోల్చుటకు ఈసారి కొలది వారములు కాక, పండ్రెండేండ్లకు పైబడిన దినములు వారిచేతిలో ఉండెను. క్రొత్త పరికరపు లెక్కలోను, గడిలో నూటికి పదునైదు పాళ్ల గీత ఉన్నచోటనే ఉన్నది.